సూదుల వైద్యం: ఏమి ఆశించవచ్చు, ఏమి ఆశించకూడదు

మన సంఘం నెలవారీ సమావేశాల్లో పెన్షన్ లెక్కలు, డి.ఏ. బకాయిలు అయిపోయిన తర్వాత మాట తప్పకుండా మోకాళ్ల మీదికి వస్తుంది. ఆ తర్వాత వంతు నడుముది, మెడది. ఈ మాటల మధ్య ఆక్యుపంక్చర్ పేరు తరచుగా వినిపిస్తోంది. ఎవరో ఒకరు జేబులోంచి కరపత్రం తీస్తారు. ఐదువేల ఏళ్ల ప్రాచీన చైనా వైద్యం, మందుల్లేవు, దుష్ఫలితాల్లేవు, కీళ్లనొప్పులు మొదలుకొని బి.పి., షుగర్, పక్షవాతం దాకా అన్నిటికీ శాశ్వత పరిష్కారం అని అందులో అచ్చువేసి ఉంటుంది. వెళ్లవచ్చునా, వెళితే అక్కడ ఏం చేస్తారు, ఎంతవరకు ఆశ పెట్టుకోవచ్చు అన్నది సభ్యుల ప్రశ్న. నేను డాక్టరును కాను. చరిత్ర పుస్తకాలు చదివే అలవాటున్న పెన్షనరును మాత్రమే. అయితే ఆ కరపత్రంలోని ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క చరిత్ర ఉంది. అది తెలిస్తే ఏ మాటకు ఎంత విలువ కట్టాలో కొంతవరకు తేలుతుంది.

ముందుగా ఆ ఐదువేల ఏళ్ల సంగతి. చైనా సంప్రదాయం ఈ వైద్యానికి మూలపురుషుడిగా హువాంగ్ డీ అనే 'పసుపు చక్రవర్తి'ని చెబుతుంది. మనకు ధన్వంతరి ఎలాగో వారికి ఆయన అలాగ, పురాణ పురుషుడు. ఆయన పేరు మీద 'హువాంగ్‌డీ నేజింగ్' అనే గ్రంథం ఉంది. చక్రవర్తి ప్రశ్నలు వేస్తూ ఉంటే చీబో అనే మంత్రి జవాబులు చెబుతాడు. చరక సంహితలో ఆత్రేయుడు, అగ్నివేశుడు గుర్తుకు రాక మానరు. ఈ గ్రంథం కూర్పు సుమారు క్రీ.పూ. 2, 1 శతాబ్దాల నాటిదని పండితుల అంచనా. అంటే రెండువేల ఏళ్ల పైచిలుకు. అది కూడా తక్కువేమీ కాదు గాని, ఐదువేలు మాత్రం కాదు.

1973లో చైనాలోని చాంగ్షా నగరం దగ్గర మావాంగ్‌దుయి అనే చోట ఒక సమాధి తవ్వారు. అది క్రీ.పూ. 168లో మూసిన సమాధి. అందులో పట్టు బట్ట మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. శరీరంలో పదకొండు నాళాలు ఉన్నాయని, రోగం వస్తే వాటి మీద వాత పెట్టాలని వాటిలో ఉంది. సూదుల ప్రస్తావన మాత్రం లేదు! అంటే ముందు పుట్టింది వాత. సూది ఆ తర్వాత వచ్చి చేరింది. చైనా వాళ్లు ఈ వైద్యాన్ని ఉత్త సూది అని అనరు. 'జెన్‌జియు' అంటారు, అనగా సూదీ వాతా అని జంట పేరు. మన పల్లెల్లో కామెర్లకు, పిల్లల జబ్బులకు వాతలు పెట్టేవారు గదా, ఆ ఆలోచనకు ఇది దగ్గరి చుట్టమే. కాకపోతే మనవాళ్లు ఇనుప చువ్వ కాల్చి పెట్టేవారు. చైనా వాళ్లు ఒక ఆకును ఎండబెట్టి, దూదిలా నలిపి, చిన్న ముద్దగానో చుట్టగానో చేసి దాన్ని కాలుస్తారు. ఆ ఆకు ఏమిటంటే, వినాయక చవితినాడు మనం పూజించే ఇరవై ఒక్క పత్రాల్లో మొట్టమొదటిదైన మాచిపత్రి జాతికి చెందినదే. ఈ మాచిపత్రి జాతి మొక్క మరొకటి ఈ వ్యాసంలో ఇంకోసారి, చాలా ముఖ్యమైన చోట ఎదురవుతుంది.

నేజింగ్ నాటి సూదులు ఇప్పటివాటిలా ఉండేవని అనుకుంటే పొరపాటు. ఆ గ్రంథం తొమ్మిది రకాల సూదులు చెబుతుంది. కొన్నిటికి కత్తిలాంటి అంచు ఉండేది. వాటితో గడ్డలు కోసి చీము తీసేవారు, చెడు రక్తం వదిలించేవారు. వెంట్రుకలా సన్నని సూది అందులో ఒక రకం మాత్రమే. వెనుక ఉన్న సిద్ధాంతం ఇది: శరీరంలో 'చీ' అనే ప్రాణశక్తి పన్నెండు ముఖ్యమైన దారుల్లో తిరుగుతూ ఉంటుంది, అది ఆగినచోట నొప్పి, రోగం పుడతాయి, సరైన బిందువు దగ్గర సూది పెడితే ఆ దారి విడుతుంది. మన ప్రాణవాయువు, నాడులు ఎరిగిన మనకు ఇది కొత్తగా అనిపించదు. అయితే ఏ శవపరీక్షలోనూ ఈ దారులు కనబడలేదు. ఈ మాట ఇక్కడే చెప్పేస్తే మంచిది.

కంచు మనిషి పరీక్ష

ఈ చరిత్ర మొత్తంలో నాకు బాగా నచ్చినది ఒక పరీక్ష కథ. మనమంతా డిపార్ట్‌మెంటల్ టెస్టులు రాసి ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్లమే కాబట్టి మీకూ నచ్చుతుంది. సోంగ్ వంశపు రాజుల కాలంలో ఒక వైద్యుడు చూపిన చోట ఇంకొక వైద్యుడు బిందువు చూపడం లేదని, తప్పు చోట గుచ్చి ప్రాణాల మీదికి తెస్తున్నారని దర్బారుకు చిక్కు వచ్చింది. వాంగ్ వెయియీ అనే ఆస్థాన వైద్యుడికి ఆ పని అప్పగించారు. ఆయన 1027లో నిలువెత్తు కంచు మనిషి బొమ్మలు రెండు పోత పోయించాడు. ఒంటి నిండా బిందువుల దగ్గర సన్నని రంధ్రాలు, పక్కన పేర్లు. పరీక్షనాడు బొమ్మకంతా మైనం పూసి రంధ్రాలు, పేర్లు కనబడకుండా చేసేవారు. లోపల నీరు పోసేవారు. పాదరసం అని కూడా కొందరు రాశారు. పరీక్షకుడు ఫలానా బిందువు అంటాడు, విద్యార్థి సూది గుచ్చాలి. చోటు సరిగ్గా దొరికితే ద్రవం బయటికి చిమ్ముతుంది. లేకపోతే మైనంలో సూది వంగుతుంది, అభ్యర్థి తప్పినట్టే. పైరవీకి చోటులేని పరీక్ష! గ్రంథపాఠాన్ని రాతిపలకల మీద చెక్కించి ప్రజల ముందు కూడా పెట్టారు. దాదాపు వెయ్యేళ్ల కిందట ఒక ప్రభుత్వం వైద్యుడి అర్హత గురించి ఇంత పట్టుదల చూపిందన్న మాట గుర్తుపెట్టుకోండి. ఈనాడు సూది పట్టినవాళ్లను మనం అడగవలసిన మొదటి ప్రశ్న కూడా అదే.

ఆ వైభవం కలకాలం నిలవలేదు. చైనాలోనే రానురాను పెద్దింటి వైద్యులు కషాయాల వైపు మొగ్గారు. సూది ఊరూరా తిరిగే వైద్యుల చేతికి పోయింది. 1822లో దావోగువాంగ్ చక్రవర్తి ఆస్థాన వైద్యశాలలో ఆక్యుపంక్చర్ శాఖనే ఎత్తివేశాడు. సూదితో పొడవడం, నిప్పుతో కాల్చడం ప్రభువుల శరీరానికి తగిన పనులు కావన్నది ఉత్తర్వు సారాంశం. అంటే 'అవిచ్ఛిన్న పరంపర' అని చెప్పే ఈ విద్య సొంత దేశంలోనే ఒకసారి సర్కారు ఫైల్లో మూతపడిందన్నమాట.

యూరప్‌కు ఈ సంగతి చేరవేసింది డచ్చి వాళ్లు. మన మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీయే జపాన్‌లోనూ ఒక చిన్న దీవిలో స్థావరం నడిపింది. 1670లలో అక్కడ రెండేళ్లున్న విల్లెం టెన్ రైనే అనే కంపెనీ డాక్టరు తాను చూసినదాన్ని 1683లో లాటిన్‌లో పుస్తకంగా వేశాడు. సూది, పొడవడం అనే రెండు లాటిన్ మాటలు కలిపి 'ఆక్యుపంక్చర్' అన్న పేరు స్థిరపడటానికి కారణం ఆ పుస్తకమే. ఈనాడు క్లినిక్కుల్లో వినిపించే 'మెరిడియన్', 'ఎనర్జీ' అనే మాటలకు అంత వయసు కూడా లేదు. చైనాలో ఫ్రెంచి ప్రభుత్వానికి పనిచేసిన సూలియే ద మోరాన్ అనే ఉద్యోగి 1930ల ప్రాంతంలో రాసిన పుస్తకాల్లోంచి వచ్చి పాతుకుపోయినవి అవి.

రద్దు నుంచి రాజముద్ర దాకా

1929 ఫిబ్రవరిలో నాన్‌కింగ్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ సంప్రదాయ వైద్యాన్ని క్రమంగా రద్దు చేయాలని తీర్మానించింది. జపాన్‌లో పాశ్చాత్య వైద్యం చదివి వచ్చిన యూ యున్‌షియూ ఆ తీర్మానాన్ని ప్రతిపాదించాడు. దేశమంతటి నుంచి సంప్రదాయ వైద్యులు, మందుల వర్తకులు మార్చి 17న షాంఘైలో సమావేశమై ఆందోళన చేశారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. కానీ ఆ దెబ్బతో ఆ వైద్యులకు ఒక సంగతి అర్థమయింది: మారకపోతే మిగలము.

అలా మార్చినవారిలో ముఖ్యుడు చెంగ్ దాన్‌ఆన్. ఈయన పేరు కరపత్రాల్లో కనబడదు గాని, మీ మోకాలి మీద ఈనాడు పడే సూదికి పసుపు చక్రవర్తి కంటే ఈయనే దగ్గర. పాత పటాల్లో కొన్ని బిందువులు సరిగ్గా రక్తనాళాల మీద ఉండేవి, రక్తం వదలడానికి. చెంగ్ ఆధునిక శరీర నిర్మాణ శాస్త్రం ముందు పెట్టుకుని బిందువుల స్థానాలను సరిచేశాడు, రక్తనాళాలకు ఎడంగా జరిపాడు, సన్నని సూదులు ప్రచారంలోకి తెచ్చాడు. పోస్టు ద్వారా పాఠాలు చెప్పే బడి నడిపాడు, 1930లలో జపాన్ వెళ్లి అక్కడి పద్ధతులు చూసివచ్చాడు. రక్తం కనబడకుండా, పెద్దగా నొప్పి లేకుండా జరిగే సూదుల వైద్యం ఇంచుమించు ఇక్కడినుంచి మొదలవుతుంది. ఒక మనిషి జీవితకాలం కంటే కొంచెం ఎక్కువ, అంతే.

1949లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చేసరికి ఆ విశాల దేశంలో ఆధునిక డాక్టర్లు చాలా కొద్దిమంది. లక్షల సంఖ్యలో ఉన్న సంప్రదాయ వైద్యులను వదులుకునే పరిస్థితి లేదు. వాళ్లకు కొంత ఆధునిక శిక్షణ, డాక్టర్లకు కొంత సంప్రదాయ శిక్షణ ఇచ్చి పని నడిపించారు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్‌దూ నగరాల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు పెట్టారు. అప్పటిదాకా గురువుకొక పద్ధతి, కుటుంబానికొక రహస్యం. వాటన్నిటినీ పోగుచేసి, పొసగనివాటిని పక్కనపెట్టి, పాఠ్యపుస్తకాలు రాసి ఒకే 'చైనా సంప్రదాయ వైద్యం'గా నిలబెట్టారు. 1958లో మావో దాన్ని గొప్ప నిధి అని పొగిడాడు. అదే మావో తాను మాత్రం ఆ మందులు వాడనని, తనకు వాటి మీద నమ్మకం లేదని అన్నట్టు ఆయన సొంత డాక్టరు లీ జీసుయి 1994లో అచ్చయిన జ్ఞాపకాల్లో రాశాడు. ప్రజలకొకటి, ప్రభువుకొకటి అన్న పద్ధతి ఏ దేశంలో లేదు కనుక!

మన దేశానికి ఈ విద్య వచ్చిన దారి మాత్రం గౌరవంగా చెప్పుకోదగ్గది. జపాన్ దాడికి గురైన చైనాకు 1938లో మన కాంగ్రెస్ ఐదుగురు డాక్టర్ల బృందాన్ని పంపింది. అందులో షోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కొట్నీస్ అక్కడే 1942 డిసెంబరు 9న కన్నుమూశారు. శాంతారాం తీసిన సినిమా మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. ఆ బృందంలోని మరొకరు కలకత్తాకు చెందిన డాక్టర్ విజయకుమార్ బసు. ఆయన 1950ల చివర తిరిగి చైనా వెళ్లి ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. ఆధునిక వైద్యం పూర్తిగా చదివిన డాక్టరు, యుద్ధరంగంలో కోతలు కోసిన మనిషి, సూదిని అదనపు పనిముట్టుగా చేతబట్టారు. ఈ విద్య మన దేశంలో వేళ్లూనుకున్నది ఆయన వల్లనే.

రెస్టన్ గారి అపెండిక్స్

ప్రపంచమంతా సూదుల వైపు తిరిగి చూసింది మాత్రం 1971లో. అమెరికా పత్రిక న్యూయార్క్ టైమ్స్‌కు చెందిన జేమ్స్ రెస్టన్ ఆ జులైలో చైనాలో ఉన్నాడు. కిసింజర్ రహస్యంగా పెకింగ్ వచ్చి వెళ్లాడన్న వార్త, అంతటి వార్త తన పక్కనే జరిగి తనకు తెలియకపోవడం, సరిగ్గా అప్పుడే పొత్తికడుపులో పోటు – ఈ మూడింటినీ ఆయన సరదాగా కలిపి రాశాడు. జులై 17న పెకింగ్‌లో, అంతకుముందు రాక్‌ఫెల్లర్ డబ్బుతో కట్టి అప్పటికి 'సామ్రాజ్యవాద వ్యతిరేక ఆసుపత్రి' అని పేరు మార్చిన ఆసుపత్రిలో ఆయనకు అపెండిక్స్ తీశారు. జులై 26న ఆ అనుభవం పత్రిక మొదటి పేజీలో వచ్చింది.

ఇక్కడ ఆగి చూడాలి. సూదులతోనే మత్తు లేకుండా రెస్టన్‌కు ఆపరేషన్ చేశారని లోకమంతా చెప్పుకుంది. చదువుకున్నవారు కూడా ఈనాటికీ అంటారు. ఆయన రాసినది అది కాదు. ఆపరేషన్ మామూలుగానే, శరీరాన్ని మొద్దుబరిచే ఇంజెక్షన్లు ఇచ్చి చేశారు. రెండోరోజు రాత్రి కడుపు ఉబ్బరంతో, అసౌకర్యంతో బాధపడుతూ ఉంటే ఒక ఆక్యుపంక్చర్ నిపుణుడు వచ్చి కుడి మోచేతి దగ్గర, మోకాళ్ల కింద మూడు సూదులు పెట్టి తిప్పాడు. మాచిపత్రి జాతి ఆకు చుట్టను వెలిగించి పొట్ట దగ్గర పట్టుకున్నాడు. అంతా కలిపి ఇరవై నిమిషాలు. గంటలో ఒత్తిడి తగ్గిందని, మళ్లీ రాలేదని రెస్టన్ నిజాయితీగా రాశాడు. కడుపు ఉబ్బరం తగ్గడానికీ, పొట్ట కోయడానికీ ఉన్న దూరం ఎంత? ఆ దూరాన్ని పుకారు ఒక్క అంగలో దాటేసింది. ఈ వైద్యం నుంచి జనం ఆశించేదానికీ అది ఇవ్వగలదానికీ మధ్య తేడా అక్కడే మొదలయిందని నా అభిప్రాయం.

సూదులతో మత్తు అనేది పూర్తిగా కట్టుకథ అని కాదు. 1958 నుంచి షాంఘైలో ప్రయత్నించారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో దాన్ని విప్లవ విజయంగా విదేశీ అతిథులకు చూపించారు. ఇటలీ దర్శకుడు ఆంటోనియోనీ 1972లో చైనా మీద తీసిన చిత్రంలో సూదులతో సిజేరియన్ ఆపరేషన్ దృశ్యం ఉంది. కాని రోగులను ఏరి ఎంపిక చేసేవారని, పక్కన నొప్పి తగ్గించే మందులు కూడా ఇచ్చేవారని తర్వాత తెలిసింది. 1980ల నుంచి చైనా డాక్టర్లే దాన్ని చాలావరకు వదిలేశారు.

అయితే మంచి ఫలితం ఒకటి మిగిలింది. రెస్టన్ పుణ్యమా అని ప్రయోగశాలలు కదిలాయి. సూది గుచ్చి, కదిలిస్తే మెదడు తనంతట తాను నొప్పి తగ్గించే ఎండార్ఫిన్ వంటి పదార్థాలను విడుదల చేస్తుందని, వాటిని అడ్డుకునే నలాక్సోన్ అనే మందు ఇస్తే సూది ప్రభావం తగ్గుతోందని 1976, 1977లలో చేసిన ప్రయోగాల్లో కనబడింది. అంటే ఏదో జరుగుతోంది. ఆ 'ఏదో' ఎంత అన్నది తర్వాతి ప్రశ్న.

దీనికి పెద్ద ఎత్తున జవాబు వెతికింది జర్మనీ. బీమా సంస్థల డబ్బుతో అక్కడ భారీ పరీక్షలు జరిగాయి. 2007లో వచ్చిన నడుంనొప్పి ఫలితాల్లో 1,162 మంది రోగులు. ఒక గుంపుకు శాస్త్రం చెప్పిన బిందువుల్లో అసలు సూదులు, ఒక గుంపుకు బిందువులు కానిచోట్ల పైపైన ఉత్తుత్తి సూదులు, ఒక గుంపుకు మామూలు మందులు, వ్యాయామం. ఆరు నెలల తర్వాత చూస్తే గుణం కనిపించినవారు అసలు సూదుల్లో 47.6 శాతం, ఉత్తుత్తి సూదుల్లో 44.2 శాతం, మామూలు వైద్యంలో 27.4 శాతం! మోకాళ్ల పరీక్షలోనూ, 2006లో, ఇంచుమించు ఇదే తీరు: 53.1, 51.0, 29.1. ఈ అంకెలను సూదులవాళ్లూ చూపిస్తారు, సూదులను ఎగతాళి చేసేవాళ్లూ చూపిస్తారు. ఇద్దరిదీ సగం నిజం. సూదులు పెట్టించుకున్న సగం మందికి మేలు జరిగింది. కాని సూది ఎక్కడ పడిందన్నది పెద్దగా లెక్కకు రాలేదు. కంచు మనిషి పరీక్షలో తప్పినవాడి రోగి కూడా దాదాపు అంతే కోలుకున్నాడన్నమాట. పడుకోబెట్టి, నాడి పట్టి, అరగంట శ్రద్ధగా చూసుకునే మనిషి వల్ల, నమ్మకం వల్ల, ఏదో ఒకచోట సూది స్పర్శ వల్ల కలిగే మేలు అందులో ఎక్కువ భాగం. ఆ మేలు మేలు కాదా అంటే, మెట్లు ఎక్కలేనివాడిని అడిగి చూడండి.

ప్రభుత్వాలు కూడా ఇదే తికమకలో ఉన్నాయి. జర్మనీ బీమా నడుముకు, మోకాలికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది. బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ 2009లో నడుంనొప్పికి సూదులు సిఫారసు చేసి, 2016లో తీసేసింది; 2021లో కారణం తెలియని దీర్ఘకాలపు నొప్పులకు ఆలోచించవచ్చంది; 2022లో కీళ్ల అరుగుదలకు వద్దంది. అమెరికాలో వృద్ధుల బీమా 2020 నుంచి దీర్ఘకాల నడుంనొప్పికి మాత్రం 90 రోజుల్లో 12 సిట్టింగుల దాకా ఇస్తోంది. ఒకటి గమనించండి. ఈ గొడవంతా నొప్పి గురించే. ఆపరేషన్, కీమోథెరపీ తర్వాతి వాంతులకు కూడా కొంత ఆధారం ఉందని 1997లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల సమావేశం తేల్చింది. షుగర్, బి.పి., పక్షవాతం శాశ్వతంగా పోతాయని ఏ పరీక్షా చెప్పలేదు.

చైనా వైద్యం అంటే సూదులొక్కటే కాదు, మూలికలు అందులో పెద్ద భాగం. వాటి గురించి రెండు కథలు చెబితే చాలు. వియత్నాం యుద్ధకాలంలో మలేరియా మందు కోసం 1967 మే 23న మొదలైన రహస్య పథకంలో తూ యూయూ అనే పరిశోధకురాలు పాత గ్రంథాలు గాలించారు. నాలుగో శతాబ్దపు గే హోంగ్ పుస్తకంలో ఒక మూలికను మరిగించకుండా నీళ్లలో నానబెట్టి పిండి తాగమన్న మాట ఆమె కంటపడింది. వేడికి గుణం పోతోందేమోనని తట్టి, తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది ఎలుకల మలేరియా మీద పూర్తిగా పనిచేసింది. అదే ఆర్టిమిసినిన్, ఆమెకు 2015లో నోబెల్ వచ్చింది. ఆ మూలిక కూడా మాచిపత్రి జాతిదే. రెండో కథ బెల్జియంది. 1990 తర్వాత బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే ఒక క్లినిక్కులో చైనా మూలికలు కలిపిన గుళికలు ఇచ్చారు. ఒక మూలిక బదులు పేరులో దగ్గరగా ఉన్న వేరొక మూలిక అందులో పడింది. వందమందికి పైగా, ఎక్కువగా స్త్రీలకు, మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలిసిస్, మార్పిడి తప్పలేదు. కొందరికి తర్వాత క్యాన్సర్ వచ్చింది. తూ యూయూ మూలికను ప్రయోగశాలలో విడదీసి, తూచి, పరీక్షించాకే మందుగా ఇచ్చారు. బ్రస్సెల్స్‌లో నమ్మి మింగారు. మన వయసులో మరీ జాగ్రత్త కావాలి. చైనా కషాయాల్లో తరచుగా పడే అతిమధురం ఎక్కువైతే బి.పి. పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. రక్తం పలచబడే మాత్రలతో కొన్ని మూలికలు పొసగవు. వారంలో కీళ్లనొప్పి మాయం చేసే పొట్లాల్లో స్టెరాయిడ్లు బయటపడిన సందర్భాలు చాలా దేశాల్లో ఉన్నాయి.

ఇక వెళ్లదలచుకున్నవారికి. మొదటి రోజు మాటలే ఎక్కువ. నిద్ర, ఆకలి, విరేచనం, చెమట, చలి, వేడి అన్నీ అడుగుతారు. నాలుక చూస్తారు. రెండు చేతులకూ మణికట్టు దగ్గర మూడు వేళ్లు పెట్టి నాడి పడతారు. ఆ తర్వాత పడుకోబెట్టి సూదులు పెడతారు. ఇంజెక్షన్ సూదిలా ఇందులో బొర్ర ఉండదు, మందు ఉండదు. మందం పావు మిల్లీమీటరు ప్రాంతంలో ఉంటుంది. చీమ కుట్టినట్టు కూడా అనిపించకపోవచ్చు. తర్వాత లోపల బరువుగా, లాగినట్టు, తిమ్మిరిగా, జివ్వుమన్నట్టు ఉంటుంది. చైనా వాళ్లు దాన్ని 'చీ అందింది' అంటారు. భరించలేని పోటు మాత్రం మామూలు కాదు, వెంటనే చెప్పాలి. ఇరవై, ముప్పై నిమిషాలు ఉంచుతారు. కొందరు సూదులకు తీగలు తగిలించి సన్నగా కరెంటు పంపుతారు. పేస్‌మేకర్ ఉన్నవారు దానికి ఒప్పుకోకూడదు. వారానికి ఒకటి రెండు చొప్పున పది సిట్టింగులు సాధారణం. తర్వాత కాస్త మగతగా ఉండవచ్చు, సూది పడినచోట చిన్న నల్లమచ్చ పడవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు ముందే చెప్పాలి. ఛాతీ మీద, వీపు పైభాగంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగిలే ప్రమాదం అరుదుగానైనా ఉంది. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవారికి ఆకు వాత అసలు వద్దు, కాలినా తెలియదు. ముళ్ల చెప్పులకు కూడా అదే మాట.

నాతోపాటు పనిచేసి రిటైరైన మిత్రుడు ఒకరు మోకాళ్ల కోసం ఒక శిబిరానికి వెళ్లారు. నొప్పి తగ్గింది, సంతోషించారు. ఒళ్లు తనంతట తాను సర్దుకుంటుందని చెప్పి అక్కడ షుగర్ మాత్రలు కూడా మాన్పించారు. మూడు వారాలకు అరికాలి పుండుతో ఆసుపత్రిలో చేరారు. రెండు వేళ్లు తీసేశారు. సూది ఆయనకు కీడు చేయలేదు. మాన్పించిన మాత్ర చేసింది. బసు గారు డాక్టరుగా ఉంటూనే సూది పట్టారని పైన రాసినది ఇందుకే. సూదిని మందుల పక్కన పెట్టుకోవచ్చు, మందుల స్థానంలో పెట్టకూడదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మిగిలింది. 2003లో కేంద్ర ప్రభుత్వం దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా, శిక్షణ పొందినవారు చేయవచ్చునని ఒప్పుకుంది. 2019 ఫిబ్రవరిలో గుర్తింపు ఇస్తూ ఉత్తర్వు వెలువడింది. పశ్చిమ బెంగాల్ 1996లో, తర్వాత మహారాష్ట్ర ప్రత్యేక చట్టాలు చేశాయి. కాబట్టి ఎక్కడ, ఎన్నేళ్లు నేర్చుకున్నారు, రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మెడికల్ బిల్లు వస్తుందో రాదో ముందే కాగితం మీద కనుక్కోండి. మొదలుపెట్టేముందు ఎన్ని మెట్లు ఎక్కగలుగుతున్నారో, ఎంతదూరం నడవగలుగుతున్నారో డైరీలో రాసుకోండి. ఐదారు సిట్టింగులకు ఆ అంకె కదలకపోతే మిగతా డబ్బు కట్టనవసరం లేదు. సూదుల పాకెట్టు సీలు మీ కళ్ల ముందే విప్పాలి, వాడిన సూది డబ్బాలో పడాలి. లేచేముందు పెట్టినవి ఎన్ని, తీసినవి ఎన్ని అని లెక్క చూసుకోండి. వీపు మీద ఒకటి మరిచిపోయి చొక్కా వేసుకుని ఇంటికి వచ్చినవారు ఉన్నారు.